ఆ జట్టు, ఈ జట్టు

వర్షాలు వెనుకబట్టి, కిరండూల్ మైదానంలో ఎర్రమట్టి గట్టిపడగానే సాయంకాలం వేళ నా కాళ్లు అటువైపే దారితీస్తాయి. గని యంత్రాల నిర్వహణ నా ఉద్యోగం. కాలనీ ఫుట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇవ్వడం ఇరవై ఏళ్లుగా నాకున్న వ్యసనం. మా శ్రీమతి దీనికి పెట్టిన పేరు వేరే ఉంది కాని, అది మన పత్రికలో అచ్చు వేయదగినది కాదు.

ఒకప్పుడు నా చేతిలో మంచి జట్టు ఉండేది. వరుసగా మూడేళ్లు చుట్టుప్రక్కల పోటీలలో మాకు ఎదురులేకపోయింది. తరువాత కొందరికి బదిలీలు వచ్చాయి, కొందరికి మోకాళ్లు మొరాయించాయి. రెండేళ్ల క్రితం ట్రైనీ కుర్రవాళ్లతోను, దగ్గరి గోండు పల్లెల యువకులతోను జట్టును మొదటినుండి కట్టుకోవలసి వచ్చింది. అప్పటినుండి నా నోట ఒకటే పాట: "ఆ రోజుల్లో మన బ్యాక్ అయితే ఆ బంతిని వదిలేవాడా?" మొదటి పోటీలోనే నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాము. మరునాడు ముగ్గురు కుర్రవాళ్లు మైదానానికి రాలేదు. వచ్చినవారిలో ఒకడు, ఎన్నడూ నోరు విప్పని పల్లె యువకుడు, బూట్లు చేత్తో పట్టుకొని నా వద్దకు వచ్చి, "సార్, ఆ జట్టును మేమెవ్వరమూ చూడలేదు. మీరేమో మమ్మల్ని చూడడం లేదు" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిన్నతనంలో సికింద్రాబాదులో మా నాన్నగారు పదే పదే చెప్పిన రహీం సాహెబు కథ జ్ఞాపకం వచ్చింది.

సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయ వృత్తినుండి వచ్చినవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలుచుకుంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, మనవారిలో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడగా, ఆయన శిక్షణ ఇచ్చిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. నాలుగేళ్లలో ఆయన మరో జట్టును నిలబెట్టారు. 1956లో మెల్‌బోర్న్‌లో ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశారు. సెమీఫైనల్లో అదే యుగోస్లావియాపై మొదటి గోల్ మనదే. చివరకు 4-1తో ఓడినా, నాలుగవ స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశానికి నేటికీ అదే అత్యుత్తమ స్థానం.

ఆరేళ్లు గడిచాయి. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లిన జట్టులో పి.కె. బెనర్జీ, మన అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ వంటి కొద్దిమందే మెల్‌బోర్న్ నాటివారు. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. ఆ సాయంత్రం రెండు జట్లను ప్రక్కప్రక్కన పెట్టి తూచినవారికి ఏది బరువుగా తోచి ఉంటుందో చెప్పనక్కరలేదు.

తరువాత థాయ్‌లాండ్‌పై గెలిచారు కాని, రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. సెమీఫైనల్లో రహీం సాహెబు ఆయనను వెనుక వరుసనుండి తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలిపారు. దక్షిణ వియత్నాంపై 3-2 విజయంలో జర్నైల్ ఒక గోల్ చేశారు. సెప్టెంబరు 4న ఫైనల్. మళ్లీ అదే దక్షిణ కొరియా. సుమారు లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా హోరెత్తుతుండగా, బెనర్జీ, జర్నైల్ చెరొక గోల్ చేశారు. 2-1తో స్వర్ణం మనదైంది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం సాహెబు 1963 జూన్ 11న కన్నుమూశారు. 2024లో వచ్చిన 'మైదాన్' చిత్రం ద్వారా నేటి పిల్లలకు కూడా ఆయన పేరు తెలిసింది.

ఈ రెండు జట్లలో ఏది గొప్పదన్న వాదం మా నాన్నగారి మిత్రుల మధ్య ఎన్నడూ తెగలేదు. ఆ రాత్రి నాకు తోచినది వేరు. జకార్తాలో రహీం సాహెబు మరో డిసౌజా కోసం వెదకలేదు. తన ముందున్నవాడు ఏమి చేయగలడో చూశారు. మనం మాత్రం యంత్రంలో భాగం మార్చినప్పుడు పాతదాన్ని తలచుకొని కూర్చుంటామా? కొత్తదాని కొలతలు తీసి, అమరిక సరిచేసి, భారం వేసి చూస్తాము. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్న నేను, మైదానంలో దానిని మరచిపోయాను.

మరునాడు నోటుపుస్తకంలో ఒక్కొక్క కుర్రవాడి పేరు వ్రాసి, ఎదురుగా వాడికి వచ్చినది వ్రాసుకున్నాను. నాతో మాట్లాడిన ఆ యువకుణ్ణి పాత బ్యాక్ స్థానం ఖాళీగా ఉన్నదని వెనుక నిలబెట్టాను. నిజానికి వాడు బైలదిల్లా కొండను ఆగకుండా ఎక్కగల పరుగుగాడు. వాణ్ణి కుడి వింగుకు మార్చాను. రావడం మానిన ముగ్గురి ఇళ్లకూ వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. ఇద్దరు తిరిగి వచ్చారు. మూడవవాడు రాలేదు. ఆ లోటుకు బాధ్యుణ్ణి నేనే.

క్రిందటి శీతాకాలం బచేలిలో సెమీఫైనల్ వరకు వెళ్లి 2-1తో ఓడిపోయాము. తిరుగు ప్రయాణంలో జీపు వెనుకనుండి ఆ యువకుడే అడిగాడు: "సార్, ఆ పాత జట్టు ఎలా ఆడేదో ఇప్పుడు చెప్పండి."

కిరండూల్ చేరేవరకు చెబుతూనే ఉన్నాను.