రౌటర్ రాసుకునే చిట్టా మనమూ చదవాలి

పోస్టు కొంచెం పొడుగే. ఓపిగ్గా చదవండి, మీ హాస్టల్‌కి పనికొస్తుంది.

మన హాస్టళ్లలో నెట్ పోతే వినపడే మాట ఒక్కటే: "పిల్లలు వీడియోలు చూసి నెట్ మొత్తం తినేస్తున్నారు." ఏజెన్సీలో మా హాస్టల్లోనూ అంతే. లైన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే "ఆపి మళ్లీ ఆన్ చేయండి" అనేవాళ్లు. వార్డెన్ సార్ విసిగిపోయి రౌటర్ తీసేస్తానన్నారు. సరిగ్గా అప్పుడే ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు. మా చెల్లి ఒకామె చివరి రోజు సాయంత్రం షేర్ ఆటోలో ఘాట్ దిగి, మండల కేంద్రంలో నెట్ సెంటర్‌కి వెళ్లి ఆప్షన్లు పెట్టుకొచ్చింది. ఆటో దొరక్కపోయుంటే ఆమె సీటు ఏమయ్యేది? ఆ ఆలోచనే మమ్మల్ని రౌటర్ ముందు కూర్చోబెట్టింది.

సార్‌ని అడిగి, ఆయన దగ్గరుండగానే బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టాం. మీ రౌటర్‌కి వేరే అడ్రస్ ఉండొచ్చు, కింద స్టిక్కర్ మీద చూడండి. లోపల 'సిస్టమ్ లాగ్' అని ఉంటుంది. రౌటర్ తనకు జరిగినవి టైముతో సహా రాసుకునే చిట్టా అది. ప్రతి లైన్లో చూడాల్సినవి మూడు: ఎప్పుడు, ఏ భాగం, ఏం జరిగింది. తీవ్రతకి 0 నుంచి 7 దాకా అంకెలు. అంకె తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ. 0 అంటే ఎమర్జెన్సీ, 3 ఎర్రర్, 4 వార్నింగ్, 6 మామూలు సమాచారం. కొన్ని రౌటర్లు అంకె బదులు ఈ పేర్లే చూపిస్తాయి. వందల లైన్లున్నా ఎక్కువ భాగం 6 రకమే.

సాయంత్రం 7 దాటాక మాకు పదే పదే కనపడింది 'డీహెచ్‌సీపీ... నో అడ్రస్ అవైలబుల్'. వైఫైలోకి వచ్చే ప్రతి ఫోనుకీ రౌటర్ ఒక అడ్రస్ ఇవ్వాలి, హాస్టల్లో మంచం కేటాయించినట్టు. మా రౌటర్లో 100 నుంచి 199 దాకా, అంటే వంద మంచాలే. ఒకసారి ఇస్తే 24 గంటలు ఆ ఫోనుదే. మేము, స్టాఫ్, వచ్చిపోయేవాళ్లు కలిపితే ఫోన్లు వంద దాటాయి. పొద్దున వచ్చి వెళ్లిపోయినవాళ్ల మంచం కూడా మర్నాడు పొద్దున దాకా ఖాళీ కాదు. అందుకే కొందరికి నెట్ వచ్చేది, కొందరి ఫోన్లో 'ఐపీ అడ్రస్ తీసుకుంటోంది' అని తిరుగుతూనే ఉండేది. వీడియోలకీ దీనికీ సంబంధమే లేదు. సార్ 2 నుంచి 250 దాకా పెంచి, గడువు 2 గంటలు చేశారు. వాడుతున్న ఫోన్ గడువు తనే పొడిగించుకుంటుంది. ఆ గొడవ అక్కడితో తీరింది.

రెండోది వేరే. వానపడ్డ రోజుల్లో అందరికీ ఒకేసారి నెట్ పోయేది. చిట్టాలో 'పీపీపీ... నో రెస్పాన్స్ టు ఎకో రిక్వెస్ట్స్' అని ఉంది. అంటే "ఉన్నావా?" అని రౌటర్ అడుగుతుంటే అవతలి నుంచి జవాబు లేదు. మా వైపు వైరు ఊడితే 'లింక్ డౌన్' అని రావాలి, అది రాలేదు. టైములతో ఆ లైన్లన్నీ ఫొటో తీసి లైన్ వాళ్లకి పంపాం. ఈసారి "ఆపి ఆన్ చేయండి" అనలేదు. మూడో రోజు మనిషి వచ్చి, స్తంభం మీద నీళ్లు చేరిన ఫైబర్ జాయింట్ మార్చి వెళ్లాడు.

కొన్ని జాగ్రత్తలు. చాలా చిన్న రౌటర్లలో ఆపగానే చిట్టా చెరిగిపోతుంది. కాబట్టి ముందు ఫొటో, తర్వాతే స్విచ్. తేదీ 1970 అని కనపడితే కంగారు పడకండి, నెట్ రాక గడియారం సరి కాలేదని అర్థం. చిట్టాలో ఫోన్ల పేర్లు కూడా పడతాయి. బయటికి పంపేటప్పుడు, ముఖ్యంగా అమ్మాయిలవి, కొట్టేసి పంపండి. ఎవరెవరు ఎప్పుడు ఆన్లైన్లో ఉన్నారో చూడ్డానికి దీన్ని వాడొద్దు.

ఒక తప్పు మా రౌటర్ సెట్టింగుల్లో ఉంది, ఒకటి వాళ్ల లైన్లో ఉంది. చిట్టా రెండూ చెప్పింది. ఇదివరకు మా మాట "పిల్లల గోల" కింద పోయేది. ఇప్పుడు టైము చెప్పి, లైన్ చూపించి అడుగుతున్నాం, జవాబొస్తోంది. స్కాలర్‌షిప్ ఫారాలు మొదలయ్యేలోపు మీ హాస్టల్ రౌటర్ కూడా ఒకసారి తెరిచి చూడండి. అర్థం కాని లైన్ ఉంటే ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం.