గడ్డ ఉంది, గండం లేదు

నడుం నొప్పికి కిడ్నీలో రాయేమోనని స్కానింగ్ తీస్తే, రాయితో పాటు మా ఆవిడ లివర్‌లో 9 సెంటీమీటర్ల గడ్డ కూడా కనిపించింది. రాయి నాలుగు రోజుల్లో దానంతటదే పడిపోయింది. గడ్డ సంగతే తేలలేదు.

ట్యూమర్ అనగానే మనకి క్యాన్సరే గుర్తొస్తుంది. కానీ లివర్‌లో హాని లేని గడ్డలూ వస్తాయి. ముఖ్యంగా మూడు రకాలు. హెమాంజియోమా అంటే రక్తనాళాల ముద్ద. ఎక్కువమందిలో కనిపించేది ఇదే. ఎఫ్‌ఎన్‌హెచ్ అంటే లివర్ కణాలే గుంపుకట్టి పెరిగినది. మూడోది అడినోమా. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోరు. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. 5 సెంటీమీటర్లు దాటితే లోపల రక్తస్రావమయ్యే ప్రమాదం, క్యాన్సర్‌గా మారే ప్రమాదం పెరుగుతాయి. మగవాళ్ళకి వస్తే సైజుతో నిమిత్తం లేకుండా తీయించుకోమంటారు.

మా ఆవిడ ఆ మాత్రలు చాలా ఏళ్ళు వాడింది. అందుకే ఎమ్మారై రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ముక్క తీసి పరీక్ష చెయ్యరా అని అడిగాను. రక్తనాళాల గడ్డయితే సూది గుచ్చడం మంచిది కాదు, ముందు ఎమ్మారై చూద్దామన్నారు డాక్టరుగారు. నరంలోకి మందు ఎక్కించి వరసగా బొమ్మలు తీస్తే, ఆ మందు గడ్డ అంచుల్లో మొదలై మెల్లగా లోపలికి నిండుతూ వచ్చింది. అది హెమాంజియోమా గుర్తు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు.

అసలు గొడవ అప్పుడే మొదలైంది. "కడుపులో అంత గడ్డ పెట్టుకుని ఊరుకుంటారా బాబూ? ఇక్కడికి తీసుకొచ్చెయ్, తీయించేద్దాం" అని గుంటూరు నుంచి మా అత్తగారి ఫోను. నాకూ మనసొప్పలేదు. బగ్ కనిపిస్తే ఫిక్స్ చెయ్యందే నిద్రపట్టని ఉద్యోగం నాది!

డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. ఇది క్యాన్సర్‌గా మారదు. దానంతటది పగలడం చాలా అరుదు. బాధ పెట్టనప్పుడు, పెద్దదన్న ఒక్క కారణంతో కొయ్యరు. ఆపరేషన్‌లో ఉండే రిస్కే దీనికన్నా ఎక్కువ. నొప్పి వచ్చినా, పక్క అవయవాలని నొక్కినా అప్పుడు ఆలోచిస్తారు.

"నొప్పి లేనిదానికి కత్తెందుకు?" అని మా ఆవిడే తేల్చేసింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది బయటపడితే, ఎంత పెద్దది అని అడిగి ఊరుకోకండి. ఏ రకం అని అడగండి. చికిత్స దాన్నిబట్టే ఉంటుంది.

వచ్చే సెలవులకి ఇండియా వెళ్తున్నాం. ఎమ్మారై సీడీ సూట్‌కేసులో పెట్టేశాం. గుంటూరులో ఇంకో డాక్టరుకి చూపించాల్సిందేనని అత్తయ్యగారి పట్టు. చూపిస్తాం, ఆవిడకీ నిద్రపట్టాలి కదా!