మా గాజుజాడీలోని ఈగపులి

వల పన్ని కూర్చుండునదియే సాలీడని తలచువారు పెక్కుమంది కలరు. వల నల్లక, పిల్లివలె పొంచి, ఒక్క దూకున ఎరపై బడు సాలీడు మన యింటి గోడలమీదనే తిరుగుచున్నది. తెలుగున దానికి ఈగపులి యని పేరు. ఇంతకంటె చక్కని పేరు ఏ శాస్త్రజ్ఞుడును పెట్టలేదని మా యభిప్రాయము. మేము పెంచినది ప్లెక్సిప్పస్ పేకుల్లీ యను జాతిది. 1826లో శాస్త్రగ్రంథముల కెక్కిన యీ జాతి మనుష్యుల యిండ్లనే యాశ్రయించి ఉష్ణదేశములందంతటను వ్యాపించినది. మగదానికి నల్లని మేనిపై తెల్లని చారలుండును. జూలై నెలలో మా వసతిగృహపు కిటికీకడ దొరకినది గోధుమవన్నె గల యాడుది. పొడవు అరయంగుళమునకు లోపే.

వెడల్పు మూతిగల గాజుజాడీ నొకదానిని తలక్రిందుగా నిలిపి దానికి ఇల్లు చేసితిమి. తలక్రిందుగా నేల యని యడుగుదురేమో. ఈ జీవి పైమూలనే పట్టుతో గూడు కట్టుకొనును. మూత పైనున్నచో తెరచినప్పుడెల్ల గూడు చిరుగును. మూతలో రంధ్రము చేసి మల్లుబట్ట కట్టి, గాలి యాడుటకై జాడీని రెండు చెక్కముక్కలపై నిలిపితిమి. లోపల వేపపుల్ల యొకటి. దినమున కొకసారి గాజుపై నాలుగు నీటిచుక్కలు చల్లిన చాలును; అది వానిని త్రాగుట కంటితో చూడవచ్చును. ఎండ తగులు చోట మాత్రము జాడీ నుంచరాదు. రెండు మూడు దినముల కొక యీగ దాని భోజనము.

అయితే పెంపకములోని విశేషము ఇందులో లేదు. జాడీకడ వ్రేలు కదల్చినంతనే అది గిరుక్కున తిరిగి మన మొగము చూచును! ఎనిమిది కన్నులలో ప్రక్కనున్నవి కదలికను పసిగట్టును. ముందున్న పెద్దకన్నులు రెండును ఆ వస్తువేమో పరీక్షించును. ఇవి గొట్టములవంటివి, పైకి కదలవు గాని లోపలి కంటిపొర కదలును. ఇది దూరము నెట్లు గుణించునో జపాను శాస్త్రజ్ఞులు 2012లో దీనికి చుట్టమగు హసారియస్ అడాన్సోనీ యందు పరీక్షించి తెలిపిరి. కంటిపొరలో నొక వరుసపై బడు బొమ్మ మసకగనే యుండును; ఆ మసకను బట్టి దూరము తెలియును. పచ్చని వెలుగులో సరిగా దూకినవి ఎఱ్ఱని వెలుగులో ఎరకు ముందుగనే పడినవట. దూకుటకు ముందు పట్టుపోగు నొకదానిని కాలిక్రింద నంటించుట మా యీగపులి మరువగా మేము చూడలేదు. మిల్వాకీ నగరపు ఉన్నత పాఠశాలలో పనిచేసిన జార్జి పెక్‌హాము, ఆయన భార్య ఎలిజబెత్తు ఈ కుటుంబపు మగవాని నాట్యములను వర్ణించి 1889లో ప్రకటించిరి. పాఠశాలవారి పని గనుక ప్రత్యేకముగ పేర్కొంటిమి.

ఆగస్టులో చిక్కు వచ్చినది. సాలీడు ఉచ్చపోసిన పొక్కులు లేచునని మనలో నమ్మకము కలదు గదా. ఒక బాలుని మెడపై బొబ్బలు చూచి అతని అమ్మమ్మగారు, "నాయనలారా, ఆ పురుగును పారవేయుడు, లేకున్న మావాని నింటికి తీసికొనిపోదును" అనిరి. పెద్దావిడతో వాదింప మాకు నోరు రాలేదు. వైద్యుడు చూచి, దీపములకడకు వచ్చు పీడెరస్ అను సన్నని పురుగు చర్మముపై నలిగినచో దాని రసమువలన నిట్టి బొబ్బలు లేచునని చెప్పెను. అటుపిమ్మట అమ్మమ్మగారు జాడీ ముందు కూర్చుండి చాలసేపు చూచిరి. అదియు నామెను చూచెను. "ఇది నన్నే చూచుచున్నదిరా!" అని నవ్విరి.

నెలాఖరున అది తెల్లని పట్టుగూటిలో గ్రుడ్లు పెట్టి కావలి కూర్చుండెను. ఈగ నిచ్చినను ముట్టలేదు. చచ్చునేమో, విడిచిపెట్టుదమని కొందరు. గూడు కదల్చిన గ్రుడ్లు చెడునని కొందరు. వేచియుంటిమి. మూడు వారములకు పిల్లలు వెలువడినవి, 38 లెక్కించితిమి. తల్లి బక్కచిక్కి వెలికి వచ్చి, నాడే యొక యీగను పట్టినది. ఇన్నిటిని ఒకచోట నుంచిన ఒకదాని నొకటి తినును గనుక, తల్లిని పిల్లలను కిటికీపై విడిచితిమి. అంతవరకు దాని దినచర్య వ్రాసిన బాలుడు ఆనాడు ఎవరితోడను మాటాడలేదు.

ఒక్క పిల్లను మాత్రము ఉంచుకొంటిమి. ఆవగింజంత దానికి ఇంటి యీగ మిక్కిలి పెద్దది. అరటితొక్కపై ముసురు చిన్న యీగలను పట్టి యిచ్చుచున్నాము. ఇప్పటికి రెండు మారులు కుబుసము విడిచినది. ఆ సమయమున జాడీలో ఈగ నుంచరాదు. మెత్తబడిన మేనిని ఎరయే గాయపరచును. దినచర్య పుస్తకము మరల ఆ బాలునికడనే యున్నది.