ఖాళీగా విడిచిన చోటు

ఉద్యోగవిరమణము తరువాత నేను విస్సన్నపేటలో మా యింటి వసారాలో కూర్చుండి జపాను పద్ధతిలో నొక పటమును చిత్రింప బూనుకొంటిని. ఆ దేశమున ఉద్యోగము చేయుచున్న నా పూర్వవిద్యార్థి యొకడు సిరాకడ్డీ, దానిని అరగదీయు రాతిపలక, కుంచెలు, పలుచని కాగితములు పంపెను. ఇట్టి పటమును జపానువారు 'కకెమొనో' అందురు. వ్రేలాడదీయునది యని యర్థము. దాని క్రింది యంచున కొయ్యకడ్డీ యుండును. ఋతువు మారగానే దానిని చుట్టి దాచి, వేఱొకటి కట్టుదురు.

చుట్టుపటము మనకు క్రొత్త గాదు. తెలంగాణమందలి చేర్యాల చిత్రకారులు ఖద్దరుగుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పూసి, వెనుక ఎఱ్ఱరంగు నింపి, కులపురాణములను చిత్రింతురు. కథకుడు పటమును కొంచెము కొంచెముగా విప్పుచు కథ చెప్పును. అందు వ్రేలు పెట్టుటకైన చోటుండదు! జపాను చిత్రకళతోను మనకు దూరపు చుట్టరికము కలదు. 1903లో యొకొయామా తైకాన్ అను చిత్రకారుడు కలకత్తాకు వచ్చెను. ఆయన తడికుంచె పనిని చూచి అవనీంద్రనాథ ఠాకూరు రంగును నీటితో పలుచగా పరచు విధానమును రూపొందించెను. ఆ వంగచిత్రకళను ప్రమోదకుమార చటర్జీ మచిలీపట్నమందలి ఆంధ్ర జాతీయ కళాశాలలో నేర్పెను. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే.

ఇదంతయు తెలిసినంతమాత్రమున కుంచె మాట వినదు గదా! ఆ కాగితము సిరాను తటాలున పీల్చుకొనును. క్షణము తటపటాయించినచో మచ్చ పడును. ముప్పది యేండ్లు పిల్లల వ్రాతపుస్తకములను ఎఱ్ఱసిరాతో దిద్దిన చేయి నాది. ఇచట దిద్దుటకు వీలులేదు. పదునొకండు కాగితములు పాడైనవి. పండ్రెండవదానిపై, ఒక మూలగా, కొంగ యొకటి నిలిచినది. తక్కిన చోటు నింపవలెనని చేయి తహతహలాడెను.

అప్పుడొక పాత సంగతి జ్ఞప్తికి వచ్చెను. ఒకనాడు చిత్రలేఖనపు మాస్టరు సెలవులో నుండగా నేనా తరగతికి పోయి, పల్లెటూరి దృశ్యము నొకదానిని వేయుమంటిని. ఒక బాలుడు పుట మూలను తాటిచెట్టును, కొంగను వేసి యూరకుండెను.

"తక్కినదంతా ఖాళీగా విడిచితివేమిరా?"

"అది చెఱువండి."

తరగతి నవ్వెను. నేనును నవ్వితిని. నీలిరంగు నింపుమని గద్దించితిని. వాడు మాఱుమాటాడక నింపెను. రంగు ప్రాకి కొంగ చెదరిపోయెను. నేను పదింటికి నాలుగు మార్కులు వేసితిని.

ఆ బాలుని పేరెంత తలచినను గుర్తునకు రాలేదు. తలవంచుకొని రంగు పూయుచున్న వాని ముఖము మాత్రము కనబడెను. కుంచె కడిగి పెట్టితిని. కాగితము ఆఱిన పిదప అడుగున వెదురుపుల్ల నంటించి, నడవలో వ్రేలాడదీసితిని.

సాయంకాలము బడి నుండి వచ్చిన మనుమరాలు దానిని చాలసేపు చూచి, "తాతయ్యా! మిగతాది ఎప్పుడు వేస్తావు?" అని యడిగెను.

"అది చెఱువమ్మా" అంటిని.