నింద మాత్ర మీద పడింది

ఏమండీ, బాత్రూం జాలీ దగ్గర వంగి ఏం వెతుకుతున్నారు? చెప్పకండి, నాకు తెలుసు. థైరాయిడ్ మాత్ర మొదలెట్టారు, జుట్టు ఊడుతోంది. ఊడినదంతా పోగేసి, ఉండ చుట్టి, ఇంట్లోవాళ్ళకి సాక్ష్యంగా చూపిస్తున్నారు. అవునా, కాదా?

పాపం ఆ మాత్ర! "అది వేసుకోకముందే బాగున్నాను" అనేస్తాం. నిజంగా బాగున్నామా? కూర్చున్నచోటే కునుకు, ఎండాకాలంలోనూ దుప్పటి. కనుబొమల బయటి చివర్లు పలచబడిపోతే పెన్సిలుతో దిద్దుకోవడాలు. అదీ థైరాయిడ్ తగ్గినప్పుడు కనిపించే పాత గుర్తే. అప్పటికింకా మాత్ర ఇంట్లోకే రాలేదు మరి!

అసలు గుట్టు చెప్పనా? తల మీద వెంట్రుకలు సుమారు లక్ష. రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. కొన్నేళ్ళు పెరిగిన వెంట్రుక పెరగడం ఆపేసి, రెండు మూడు నెలలు ఊరికే కూర్చుని, తర్వాత రాలుతుంది. అంటే ఇవాళ మీ దువ్వెనలోకొచ్చింది ఎప్పుడో రాజీనామా ఇచ్చేసి, నోటీసు పీరియడ్ ముగించుకున్న ఉద్యోగి అన్నమాట. థైరాయిడ్ తగ్గిన రోజుల్లో ఇచ్చిన రాజీనామాకి ఇవాళ్టి మాత్ర ఏం చేస్తుంది చెప్పండి?

మాత్రని పూర్తిగా వెనకేసుకురాను లెండి. మొదటి కొన్ని నెలల్లో కొందరికి దానివల్లా కొంచెం ఊడొచ్చు. తర్వాత సర్దుకుంటుంది. డోసు తక్కువైనా ఊడుతుంది, ఎక్కువైనా ఊడుతుంది. అందుకే డోసు మార్చాక 6 నుంచి 8 వారాలకి మళ్ళీ టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేస్తారు. కోపమొచ్చి మీరే మానేశారో, ఆ కునుకూ ఆ దుప్పటీ మళ్ళీ వచ్చేస్తాయి.

నన్నడిగితే అసలు కష్టం జుట్టు కాదు, కాఫీ. పరగడుపున మంచినీళ్ళతో మాత్ర, ఆపైన అరగంటో గంటో నిరీక్షణ. వంటింట్లో డికాక్షన్ దిగుతుంటే ఆ వాసనకి ప్రాణం లేచొస్తుంది. పక్కనే ఆయన సర్రున జుర్రుతుంటారు, కావాలనే! కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. గంట ఆగి తాగిన కాఫీ రుచే వేరు.

అయినా మనం అదృష్టవంతులం. 1892లో ఇంగ్లండులో ఫాక్స్ అనే డాక్టరు, గొర్రె థైరాయిడ్ గ్రంథిని కొద్దిగా వేయించి పళ్ళ జెల్లీతో రోగికి తినిపించాడు. వైద్యమేనండోయ్, విందు కాదు! తర్వాత 1914 క్రిస్మస్ రోజున అమెరికాలో మేయో క్లినిక్‌లో కెండల్ అనే ఆయన, ఇప్పుడు మన మాత్రలో ఉండే థైరాక్సిన్‌ని విడిగా తీశాడు కాబట్టి, మన పొద్దులు ఇంత శాకాహారంగా తెల్లవారుతున్నాయి.

ఇక సలహాల సంగతి. మందారాకు రుద్దమని ఒకరు, గుంటగలగరాకు నూనె కాచమని ఇంకొకరు. రాసుకోండి, ఘుమఘుమలకి లోటుండదు. జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు మాత్రం డాక్టరుకి చెప్పకుండా మింగకండి. అవి రక్తపరీక్షనే ఏమారుస్తాయి. థైరాయిడ్ ఎక్కువైనట్టు లెక్క తప్పుతుంది. పరీక్షకి రెండు రోజుల ముందే ఆపమంటారు. ఒంట్లో ఐరన్ తక్కువైనా జుట్టు రాలుతుంది కాబట్టి అదీ చూపించుకోండి. ఐరన్, కాల్షియం మాత్రలకీ థైరాయిడ్ మాత్రకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు.

ఊడిన జుట్టు పారేస్తున్నారా? అయ్యో! వీధిలోకి చిక్కుజుట్టు కొనేవాడొస్తే స్టీలు గిన్నె ఇస్తాడు. థైరాయిడ్ పుణ్యమా అని గిన్నెలైనా పోగవుతాయి కదా.

కొన్ని నెలలు పోయాక అద్దంలో చూసుకోండి. నుదుటి మీద పొట్టి పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని నిలబడతాయి. నూనె రాసినా అణగవు, పిన్ను పెట్టినా జారిపోతాయి. నెలకి ఓ సెంటీమీటరు చొప్పున పెరుగుతాయి కాబట్టి పాపిట దాకా చేరడానికి తొందరేం లేదు వాటికి. ఈలోగా ఏ పెళ్ళిలోనో ఫొటోగ్రాఫరు "మేడం, జుట్టు కాస్త సర్దుకోండి" అంటాడు. సర్దుకోకండి. తీయమనండి అలాగే.