జేబులో తాళం, వీధిలో కారు

ఈమధ్య మీ ఉత్తరాల్లో కార్ల తాళాల ప్రస్తావన తరచుగా వస్తోంది. "తాళం జేబులోంచి తియ్యకుండానే తలుపు తెరుచుకుంటోంది, దొంగకి కూడా ఇంతే సులువా?" అని ఒకరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

మామూలు రిమోట్‌ని కారు అడిగేది ఒక్కటే: నువ్వెవరు? బటన్ నొక్కక్కర్లేని కీలెస్ తాళాన్ని ఇంకోటి కూడా అడగాలి: నువ్వెక్కడున్నావు? మొదటిదానికి లెక్కలతో జవాబు దొరికింది. తంటా అంతా రెండోదానితోనే.

ముందు రిమోట్ సంగతి. 1982లో ఫ్రాన్స్‌లో రెనో ఫ్యూగో కారుకి ఇచ్చిన రిమోట్ ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పనిచేసేది. తర్వాత రేడియో తరంగాలు వచ్చాయి. మన దగ్గరా యూరప్‌లోనూ ఎక్కువగా వాడేది 433.92 మెగాహెర్ట్‌జ్, అమెరికాలో 315. తొలి రిమోట్లు ఎప్పుడు నొక్కినా ఒకే సంఖ్య పంపేవి. పక్కన నిలబడి దాన్ని రికార్డు చేసుకున్నవాడు, మనం వెళ్లాక మళ్లీ వినిపిస్తే చాలు, తలుపు తెరుచుకునేది.

దానికి విరుగుడుగా వచ్చిందే రోలింగ్ కోడ్. అందులో బాగా పేరుపడిన కీలాక్ పద్ధతి 1980లలో దక్షిణాఫ్రికాలో పుట్టింది. 1995లో అమెరికన్ కంపెనీ మైక్రోచిప్ దాన్ని కోటి డాలర్లకు పైగా పెట్టి కొనుక్కుంది. రిమోట్ లోపల ఒక లెక్క నడుస్తుంటుంది. నొక్కినప్పుడల్లా ఒకటి పెరుగుతుంది. ఆ అంకెని ఒక రహస్య సంఖ్యతో గుర్తుపట్టలేనట్టు మార్చి పంపుతుంది. కారు దగ్గరా అదే రహస్యం ఉంటుంది కనక విప్పి చూసుకుంటుంది. అంకె పోయినసారి కన్నా ముందుకు జరిగితేనే తలుపు తీస్తుంది, పాతదైతే పలకదు.

మరి ఇంట్లో పిల్లాడు రిమోట్ పట్టుకుని టకటకా నొక్కేస్తే? కారు ఎక్కడో దూరంగా ఉంది, రిమోట్ లెక్క మాత్రం ముందుకు పోయింది. దీనికీ ఏర్పాటుంది. మైక్రోచిప్ చెప్పిన పద్ధతిలో 16 నొక్కుల దాకా తేడా వచ్చినా కారు పట్టించుకోదు. అంతకు మించితే వరుసగా రెండు సంకేతాలు అందేదాకా ఆగి, అప్పుడు తన లెక్క సరిచేసుకుంటుంది. మొదటి నొక్కుకి పలకని కారు రెండో నొక్కుకి పలకడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. పాపం, మనం ప్రతిసారీ బ్యాటరీనే తిడతాం.

రోలింగ్ కోడ్ కూడా ఛేదించరానిదేం కాదు. 2008లో జర్మనీలోని రూర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చిప్ వాడుకునే కరెంటులోని హెచ్చుతగ్గుల్ని కొలిచి కీలాక్ రహస్య సంఖ్యని బయటికి లాగారు. 2015లో శామీ కామ్‌కార్ అనే అమెరికన్ చూపించింది ఇంకా తమాషాగా ఉంటుంది. మీరు నొక్కిన సంకేతం కారుకి చేరకుండా అడ్డుపడి, దాన్ని దాచుకునే చిన్న పరికరం చేశాడు. తలుపు రాలేదని మీరు మళ్లీ నొక్కుతారు. రెండోదాన్నీ దాచుకుని, మొదటిదాన్ని కారుకి వదులుతుంది. తలుపు వచ్చింది కదా అని మీరు వెళ్లిపోతారు. వాడని సంకేతం ఒకటి దాని దగ్గర మిగిలిపోతుంది. కారు వరుస చూస్తుందే గానీ, ఆ సంకేతం ఎప్పుడు పుట్టిందో దానికి తెలియదు.

ఇక కీలెస్. 1990ల చివర మెర్సిడెస్ ఎస్-క్లాస్ లాంటి ఖరీదైన కార్లతో మొదలై ఇప్పుడు మన చిన్న కార్లలోకీ వచ్చేసింది. తలుపు పిడి మీదున్న బటన్ నొక్కగానే కారు 125 కిలోహెర్ట్‌జ్ చుట్టుపక్కల బలహీనమైన సంకేతం ఒకటి వదులుతుంది. అది ఒకటి రెండు మీటర్లకు మించి పోదు. జేబులో నిద్రపోతున్న తాళం దానికి లేచి, కారు పంపిన కొత్త సంఖ్యని రహస్యంతో మార్చి రేడియోలో బదులిస్తుంది. స్టార్ట్ బటన్ నొక్కినప్పుడు, తాళం లోపలే ఉందా అని మళ్లీ వెతుకులాట.

ఇక్కడే అసలు లొసుగు. తన సంకేతం రెండు మీటర్లు దాటదు కనక, బదులిచ్చిన తాళం దగ్గరే ఉండి తీరాలని కారు నమ్ముతుంది. నమ్ముతుందంతే, కొలవదు. ఇద్దరు దొంగలు చాలు. ఒకడు కారు పక్కన, ఇంకొకడు మీ ఇంటి తలుపు దగ్గర పరికరాలతో నిలబడతారు. గడపలో చెప్పిన మాటని మైకు పెట్టి వీధి చివర వినిపించినట్టు, కారు మాట తాళానికి, తాళం మాట కారుకి చేరవేస్తారు. రహస్యం తెలియక్కర్లేదు, విప్పక్కర్లేదు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 2011లో ప్రకటించిన పరీక్షల్లో 8 కంపెనీల 10 రకాల కార్లూ దీనికి లొంగాయి. ఒకసారి ఇంజిన్ అందుకున్నాక తాళం దూరమైందని ఆగదు. నడిరోడ్డు మీద ఆగితే ప్రమాదం కదా. దొంగకి అదే కలిసొచ్చింది.

సరైన మందు కాలాన్ని కొలవడం. రేడియో తరంగం నానోసెకనుకి సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది. చేరవేసేవాడు ఎంత చురుకైనవాడైనా తరంగం అంత దూరమూ పోయి రావలసిందే, ఆ ఆలస్యాన్ని దాచలేడు. అల్ట్రా వైడ్‌బ్యాండ్ తాళాలు చేసే పని ఇదే. ఫోన్‌నే తాళంగా వాడే పద్ధతికి కార్ కనెక్టివిటీ కన్సార్టియం 2021లో తెచ్చిన ప్రమాణంలో ఇది చేరింది. కొన్ని తాళాలు ఇంకో దారి పట్టాయి: కాసేపు కదలిక లేకపోతే మాట్లాడడం మానేస్తాయి. మీది అలాంటిది కాకపోతే, రాత్రిళ్లు రేడియో సంకేతాల్ని ఆపే సంచిలో పెట్టండి. సెట్టింగుల్లో కీలెస్‌ని ఆపేసే వీలుంటే ఆపేసినా తప్పులేదు. నన్నడిగితే, బటన్ నొక్కడం అంత పెద్ద కష్టమేం కాదు.

ఉంటాను.

మీ
నేస్తం

తా.క. తాళంలో బ్యాటరీ అయిపోతే కంగారు పడకండి. చాలా తాళాల్లో లోపల సన్నటి ఇనప తాళంచెవి దాగి ఉంటుంది, దాంతో తలుపు తీయొచ్చు. ఇంజిన్‌కి అనుమతిచ్చే చిప్ చాలా కార్లలో వేరుగా ఉంటుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు. కారులోని తీగచుట్ట దగ్గర పెడితే అక్కణ్నుంచే కరెంటు తీసుకుంటుంది. కొన్నిట్లో తాళాన్ని స్టార్ట్ బటన్‌కే ఆనించి నొక్కాలి, కొన్నిట్లో గేర్ దగ్గరి గుంటలో పెట్టాలి. మీ కారులో ఆ చోటెక్కడో దాని పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. ఈ ఆదివారం ఓసారి తీసి చూసుకోండి.