చిన్ని రాజులొచ్చారు... తలుపు తీయండి!

కాగితపు కిరీటాలు, పాత కర్టెన్లతో కుట్టిన అంగీలు, చేతిలో ఓ హుండీ. కొత్త సంవత్సరం రాగానే ఆస్ట్రియా, జర్మనీల్లో లక్షలమంది పిల్లలు ఇలా రాజులైపోతారు. గడపగడపకీ వెళ్లి పాటపాడి డబ్బులడుగుతారు. తమకోసం కాదు... ఎన్నడూ చూడని పిల్లల కోసం!

వియన్నా వీధుల్లోనో, టైరోల్ కొండపల్లెల్లోనో నడుస్తూ ఇళ్ల తలుపుల పైభాగం చూడండి. చాలాచోట్ల సుద్దముక్కతో రాసిన గుర్తు కనిపిస్తుంది. 20-సి+ఎం+బి-26. ఇంటి నంబరు అనుకుంటారు కొత్తవాళ్లు. కరెంటు మీటరు చూసేవాళ్లు వేసిన గుర్తేమో అనీ అనుమానం వస్తుంది. రెండూ కాదు. ఆ ఇంటికి రాజులొచ్చి వెళ్లారని దానర్థం! అటూ ఇటూ ఉన్న అంకెలు కలిపితే సంవత్సరం. మధ్యలోని అక్షరాలు కాస్పర్, మెల్కియోర్, బల్తజార్ అనే ముగ్గురు రాజుల పేర్లని జనం చెప్పుకుంటారు. ‘క్రీస్తు ఈ ఇంటిని దీవించుగాక’ అనే అర్థమొచ్చే లాటిన్ మాటల్లోని మొదటి అక్షరాలన్నది చర్చి వివరణ.

బాలయేసును చూసేందుకు నక్షత్రాన్ని అనుసరిస్తూ తూర్పు నుంచి జ్ఞానులు వచ్చారన్నది బైబిలు కథ. ఆ జ్ఞానులే జనం నోట ముగ్గురు రాజులయ్యారు. వారివని నమ్మే అస్థికలు 1164లో ఇటలీలోని మిలాన్ నుంచి జర్మనీలోని కొలోన్‌కు చేరాయి. అక్కడి కేథడ్రల్‌లో బంగారు తొడుగుల పెద్ద మందసంలో వాటిని భద్రపరిచారు. వారి పండుగ జనవరి 6న. ఆ రోజు ఆస్ట్రియా అంతటా సెలవే.

రాజుల వేషంలో నక్షత్రం పట్టుకుని ఇంటింటా పాడటం అక్కడ కొన్ని వందల ఏళ్ల ఆచారం. చలికాలంలో పనుల్లేని పేదలూ, చదువుకునే కుర్రాళ్లూ నాలుగు డబ్బుల కోసం అలా తిరిగేవారు. మరి అది పిల్లల చేతికెలా వచ్చింది?

మూడు మోటార్‌సైకిళ్లు

ఆస్ట్రియాలో ‘కథోలిషె యుంగ్‌షార్’ అని ఓ పిల్లల సంఘం ఉంది. ఆటలు, పాటలు, వేసవి శిబిరాలు... ఇవీ దాని పనులు. 1954-55 చలికాలంలో ఈ పిల్లలు మొదటిసారి రాజుల వేషాలు కట్టి విరాళాలకు బయల్దేరారు. ఎందుకంటారా? ఆఫ్రికాలోని ఉగాండాలో పనిచేస్తున్న తమ దేశపు మిషనరీకి ఊళ్లు తిరగడానికి మోటార్‌సైకిల్ కావాలి మరి! ఒక్క బండికి సరిపోతే చాలనుకున్నారు. తీరా లెక్క చూస్తే 42 వేల షిల్లింగులకు పైనే. మూడు బండ్లు వచ్చాయి!

1959లో జర్మనీ పిల్లలూ ఇదే బాట పట్టారు. ఇప్పుడు ఏటా జర్మనీలో సుమారు 3 లక్షల మంది, ఆస్ట్రియాలో 85 వేల మంది పిల్లలు రాజులవుతున్నారు. ఇన్నేళ్లలో జర్మనీ పిల్లలు సేకరించింది 130 కోట్ల యూరోల పైమాటే. ఆస్ట్రియా పిల్లలది 50 కోట్లు దాటింది. పిల్లలు పోగుచేసిన సొమ్ముతో పిల్లలకోసమే నడిచే ఇంత పెద్ద కార్యక్రమాలు ప్రపంచంలో అరుదు.

సగం సరదా, సగం చలి

డిసెంబరులోనే పాటల సాధన మొదలవుతుంది. అంగీలు దులిపి, కిరీటాలకు కొత్త బంగారు కాగితం అంటిస్తారు. ఒకరు నక్షత్రం పట్టుకుంటారు, ఇంకొకరు హుండీ, మరొకరు సుద్దముక్క. రాజులంటే మగపిల్లలే అనుకునేరు. ముగ్గురూ అమ్మాయిలే ఉన్న జట్లూ కనిపిస్తాయి. వెంట ఓ పెద్దమనిషి ఉంటారు. రాజుగారి అంగీ కింద మంచు బూట్లు, కిరీటం కింద ఉన్ని టోపీ!

మన పల్లెల్లో ఒకప్పుడు దసరాకి బడిపిల్లలు విల్లంబులు పట్టుకుని పంతులుగారి వెంట ఇంటింటికీ వెళ్లి పద్యాలు పాడేవారు. పంతులుగారికి దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి. అక్కడా అంతే. హుండీలో పడింది ఎక్కడో ఉన్న పిల్లలకి, చేతిలో పెట్టిన చాక్లెట్లు తమకి. సాయంత్రం అంతా చేరి ఆ మిఠాయిలను పంచుకోవడమే అసలు పండుగ. మధ్యాహ్నం ఏదో ఒక ఇంట్లో వేడివేడి భోజనం సిద్ధంగా ఉంటుంది. అన్ని తలుపులూ తెరుచుకోవు. ‘వద్దు’ అన్నవారికీ నవ్వుతూ దండం పెట్టి రావడం కూడా వాళ్లు నేర్చుకునే పాఠమే. ఏటా జనవరిలో జర్మనీ ఛాన్సలర్ కార్యాలయానికీ ఈ రాజులు వెళ్లి వస్తారు.

గాజుల వెనుక చేతులు

వేషం కట్టేముందు ఆ డబ్బు ఎవరికోసమో పిల్లలకు చెబుతారు. ఏటా ఒక దేశాన్ని ఉదాహరణగా తీసుకుంటారు. 2018లో జర్మనీ పిల్లలు తెలుసుకున్నది మనదేశం గురించే. అంశం... బాలకార్మికులు. ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్‌లో గాజుల తయారీలో మగ్గిపోయే చిన్నారుల జీవితాన్ని సినిమాగా తీసి చూపించారు. పండక్కీ పెళ్లికీ మనం ఇష్టంగా తొడుక్కునే గాజులవి! వాటి వెనుక ఎంత చిన్న చేతులు ఉండొచ్చో మంచులో నడిచే పదేళ్ల పిల్లకి తెలిసింది. 2026లోనూ అంశం బాలకార్మికులే. ‘ఫ్యాక్టరీ కాదు... బడి’ అన్న నినాదంతో ఈసారి బంగ్లాదేశ్‌ను ఎంచుకున్నారు.

ఆచారమన్నాక మార్పులూ తప్పవు. ఒకప్పుడు ఒక రాజు ముఖానికి నల్లరంగు పూసేవారు. ఆ రంగు మనుషుల్ని నొప్పిస్తుందని ఇప్పుడు వద్దంటున్నారు. కరోనా వల్ల 2021లో జర్మనీ పిల్లలు ఇళ్లకు వెళ్లలేకపోయారు. సుద్దరాతకు బదులు స్టిక్కర్లు ఉత్తరాల డబ్బాల్లో వేశారు, పాటల్ని వీడియోల్లో పంపారు. కొన్ని ఊళ్లలో వేషం కట్టే పిల్లలే తగ్గిపోతున్నారు. జట్లు చాలక, ముందుగా రమ్మని కబురు పెట్టిన ఇళ్లకే వెళ్లాల్సి వస్తోంది.

ఈ సందడి చూడాలంటే కొత్త సంవత్సరం మొదటి వారంలో వెళ్లాలి. ఆస్ట్రియాలోనైతే క్రిస్మస్ వెళ్లగానే మొదలవుతుంది. కొలోన్ వెళ్లేవారు జనవరి 6 కుదిరేలా చూసుకుంటే మరీ మంచిది. ఆ పండక్కి మందసం ముందు పలక తీస్తారు, లోపలున్నవి కనిపిస్తాయి. దారిలో కిరీటాల పిల్లలెదురైతే మాత్రం జేబులో చిల్లర సిద్ధంగా ఉంచుకోండి. ఆ నాణేల్లో ఒకటి మన దేశపు బడికే రావచ్చు!